ఇటలీ నగరాల్లో ఉండే హక్కు ఎవరిది? వెనిస్, తురిన్, మిలాన్, పలేర్మో: అప్పుడూ ఇప్పుడూ

సిరి_బొలోన్యా

అందరికీ నమస్తే. "ఇటలీలో చదువు" విభాగం తెరిస్తే సగం పోస్టులు గది దొరకలేదనే. ఒకరు ఏజెంట్‌ని తిడతారు, ఒకరు ఓనర్‌ని, ఇంకొకరు మన రంగు చూసి ఇవ్వట్లేదంటారు. అవన్నీ ఉన్నాయి, కాదనను. కానీ నా క్లాసులో దక్షిణాన ఉన్న పుల్యా, కలాబ్రియా నుంచి వచ్చిన ఇటాలియన్ పిల్లలకే గది దొరక్క ఊరి బయట ఉండి రైల్లో తిరుగుతున్నారు.

నాకు అర్థం కానిది ఇదీ. ఈ దేశంలో జనం తగ్గిపోతున్నారు, 2024లో పుట్టిన పిల్లలు దేశం మొత్తం మీద 3 లక్షల 70 వేలు మాత్రమే. ఎవరూ స్థిరంగా ఉండని ఇళ్ళు 90 లక్షలకు పైనే ఉన్నాయని వాళ్ళ జనాభా లెక్కలే చెబుతున్నాయి. మరి గది ఎందుకు దొరకదు? ఇది మార్కెట్ సంగతి, మనమేం చేస్తాం అని ఊరుకోవాలా, లేక ఎవరో కూర్చుని తీసుకున్న నిర్ణయాల ఫలితమా? తెలిసినవాళ్ళు దయచేసి ఫలానా ఊరు, ఫలానా సంవత్సరం అని రాయండి. సొంత గోడుకి వేరే త్రెడ్ ఉంది.

నెల్లూరు_నాగేంద్ర

సిరి గారూ, ఇందులో అంత ఆలోచించడానికి ఏముంది? టూరిస్టులు. చూడటానికి బాగుండే ఊరు ఎక్కడున్నా అద్దె పెరుగుతుంది. రాత్రికి వంద యూరోలు ఇచ్చేవాడు ఉంటే నెలకి ఐదొందలు ఇచ్చే స్టూడెంట్‌కి ఎవరిస్తారు? ఖాళీ ఇళ్ళు ఎక్కడో కొండల మీద పల్లెల్లో ఉంటాయి, ఉద్యోగాలు మిలాన్‌లో ఉంటాయి. ఇందులో రాజకీయం ఎక్కడుందో నాకు కనపడలేదు. ఉంటే చెప్పండి, వింటాను.

పాదువా_లావణ్య

నేను పాదువాలో పీహెచ్‌డీ చేస్తున్నాను, వెనిస్ అరగంట రైలు దూరం. కాబట్టి దాని గురించి రాస్తా.

1951లో వెనిస్ పాత నగరంలో, అంటే నీళ్ళ మధ్య ఉన్న దీవుల్లో, లక్షా 75 వేల మంది దాకా ఉండేవాళ్ళు. 2022 ఆగస్టులో ఆ సంఖ్య 50 వేల కిందికి పడింది. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో ఈ సంఖ్య చూపించే బోర్డు 2008 నుంచి ఉంది, నడిచి వెళ్ళేవాళ్ళందరికీ కనపడేలా. 2023లో అయితే టూరిస్టుల కోసం ఉన్న మంచాల లెక్క, ఊళ్ళో ఉండేవాళ్ళ లెక్కని దాటిపోయింది.

నాగేంద్ర గారన్నట్టు ఇదంతా టూరిస్టుల వల్లేనా అంటే, కాదు. మనుషులు పెద్ద ఎత్తున వెళ్ళిపోయింది 1950, 60, 70ల్లో. అప్పటికి ఇళ్ళని టూరిస్టులకి రోజువారీ అద్దెకిచ్చే ఈ యాప్‌లూ లేవు, చవక విమానాలూ లేవు. పని ఎక్కడుందంటే ఒడ్డున పోర్తో మార్గెరాలో, కెమికల్ ఫ్యాక్టరీల్లో. ఆ పక్కనే మెస్త్రేలో అపార్ట్‌మెంట్లు లేచాయి, గోడ చెమ్మ లేకుండా, బాత్రూమ్ లోపలే ఉండేలా. 1966 నవంబర్ 4న నీళ్ళు 194 సెంటీమీటర్ల ఎత్తుకి వచ్చి గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్ళన్నీ మునిగాక ఇంకొంతమంది మూటలు కట్టుకున్నారు. ఆ ఫ్యాక్టరీల్లో పనికి వెళ్ళినవాళ్ళలో ఎందరో వినైల్ క్లోరైడ్ అనే విషవాయువు పీల్చి కేన్సర్లతో పోయారని ఒక కార్మికుడే సంవత్సరాల తరబడి వివరాలు పోగుచేసి కేసుకి దారి వేశాడు. 2001లో మేనేజర్లందర్నీ వదిలేశారు, 2004లో అప్పీల్లో కొందరికి శిక్ష పడింది. ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టాలి, కొత్త ఇళ్ళు ఎక్కడ కట్టాలి, పాత ఇళ్ళ మరమ్మతుకి డబ్బు ఇవ్వాలా వద్దా... ఇవి ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయాలే కదా. టూరిస్టులు వచ్చేసరికి ఊరు సగం ఖాళీ అయి ఉంది.

ఇక ఇప్పటి సంగతి. 2024 ఏప్రిల్ 25 నుంచి పగటిపూట వచ్చి పోయేవాళ్ళకి 5 యూరోల టికెట్ పెట్టారు, ఆ ఏడాది 29 రోజులు. 2025లో 54 రోజులు, ఆఖరి నిమిషంలో కొంటే 10 యూరోలు. దానివల్ల జనం తగ్గిందని నా కళ్ళకైతే కనపడలేదు. అసలు మందు వేరే ఉంది. రోజువారీ అద్దెలకి పరిమితి పెట్టుకునే ప్రత్యేక అధికారం వెనిస్‌కి 2022లో పార్లమెంటు చట్టంలోనే ఇచ్చింది. దాన్ని నగరపాలక సంస్థ గట్టిగా వాడితే కదా! ఆ అధికారం చేతిలో పెట్టుకుని టికెట్ల క్యూలు పెట్టడం చూస్తే కోపం వస్తుంది.

నెల్లూరు_నాగేంద్ర

లావణ్య గారూ, ఫ్యాక్టరీల సంగతి నాకు కొత్త. సరే, వెనిస్ ఒక ప్రత్యేకమైన ఊరు. దాన్ని చూసి దేశం మొత్తానికి సూత్రం చెప్పగలమా?

రామ్మోహన్_మాస్టారు

చెప్పగలమండీ. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

1884లో నేపుల్స్‌లో కలరా వచ్చింది. ఒక్క నగరంలోనే 7 వేల మంది దాకా పోయారు. రేవు పక్కన ఇరుకు సందుల్లో, ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు కాపురాలు ఉండే పేటలు అవి. మరుసటి ఏడు 1885లో ప్రభుత్వం ప్రత్యేక చట్టం తెచ్చి ఆ పేటలు కొట్టేసి మధ్యలోంచి తిన్నటి రాజమార్గం వేసింది, ఈనాటి కోర్సో ఉంబెర్తో. వైద్యులు అడిగింది మంచినీళ్ళు, మురుగు కాలువలు, గాలి వచ్చే ఇళ్ళు. అవి కొంత వచ్చాయి కూడా. కానీ రోడ్డుకి రెండు వైపులా లేచిన మేడల్లో అద్దెలు పాత పేటవాళ్ళు కట్టగలిగేవి కావు. వాళ్ళు ఆ మేడల వెనక మిగిలిన సందుల్లోకే ఇంకా ఇరుకుగా సర్దుకున్నారు. 1973లో, అంటే మన కాలంలో, నేపుల్స్‌లో మళ్ళీ కలరా వచ్చింది.

తర్వాత రోమ్. ముస్సోలినీ కొలోసియం నుంచి వెనీజియా చౌక్ దాకా కవాతులకి వీధి కావాలన్నాడు. 1932లో ఆ వీధి తెరిచారు. దాని కింద పడిన ఇళ్ళలో వేల కుటుంబాలు ఉండేవి, వాళ్ళలో చాలామందిని నగరానికి దూరంగా పొలాల మధ్య కట్టిన బోర్గాతాలకి తోలారు. బస్సు లేదు, కొన్నిచోట్ల నీళ్ళూ లేవు. పని మాత్రం పాత నగరంలోనే.

అన్నిటికన్నా నన్ను కలచివేసేది 1939 చట్టం. పల్లెల నుంచి జనం నగరాలకి రాకుండా ఆపడానికి చేసింది. పెద్ద నగరంలో నివాసిగా పేరు నమోదు కావాలంటే అక్కడ ఉద్యోగం ఉన్నట్టు చూపాలి. ఉద్యోగం కావాలంటే అక్కడి నివాసిగా పేరు ఉండాలి. ముస్సోలినీ పోయాడు, రాజు పోయాడు, రిపబ్లిక్ వచ్చింది, కొత్త రాజ్యాంగం దేశంలో ఎక్కడైనా ఉండే స్వేచ్ఛ ఇచ్చింది. ఈ చట్టం మాత్రం 1961 దాకా అలాగే ఉంది. లక్షలమంది దక్షిణాదివాళ్ళు సొంత దేశంలో కాగితాలు లేని మనుషులుగా బతికారు. కాగితం లేనివాడు జీతం తక్కువైనా నోరెత్తడు కదా. అందుకే దాన్ని ఎత్తేయడానికి ఎవరూ తొందరపడలేదని నా నమ్మకం.

తురిన్_కిరణ్

మాస్టారూ దండాలు. నాది వరంగల్, తురిన్‌లో కార్ల డిజైన్ పనిలో ఉన్నా. మీరు చెప్పిన ఆ కాగితాలు లేని జనమంతా ముందు ఇక్కడికే వచ్చిన్రు.

1951లో తురిన్ జనాభా 7 లక్షల 20 వేలు. 1971కి 11 లక్షల 60 వేలు దాటింది. ఇరవై ఏండ్లల్ల అంత మంది! సిసిలీ, కలాబ్రియా, పుల్యా నుంచి రాత్రి రైళ్ళలో వచ్చి పోర్తా నువోవా స్టేషన్‌ల దిగుడే. ఫియట్ పని ఇచ్చింది కానీ ఇల్లు ఇయ్యలే. గుమ్మాల మీద "దక్షిణాదివాళ్ళకు అద్దెకు ఇవ్వబడదు" అని బోర్డులు పెట్టేటోళ్ళు. మేడల పైకప్పుల కింద కొట్టాల్లాంటి గదులల్ల, నేలమాళిగలల్ల ఉండిన్రు. ఒకే మంచం ఇద్దరు ముగ్గురికి, షిఫ్టులు మారినట్టు మంచం మీద మనిషి మారుడు. నా ఆఫీసుల ఒక పెద్దాయన వాళ్ళ నాన్న అట్ల పండుకున్నడట. ఆ బోర్డు సంగతి చెప్పేటప్పుడు ఆయన గొంతు ఇప్పటికీ మారుతది.

1969 జులై 3న ఫియట్ వాళ్ళ మిరాఫియోరీ ఫ్యాక్టరీ గేటు కాడ మొదలైన ఊరేగింపు కోర్సో త్రయానోల రాత్రిదాకా పోలీసులతో కొట్లాటైంది. అప్పటి నినాదాలల్ల జీతం ఒక్కటే కాదు, అద్దెలు కూడా ఉన్నయి. జీతం పెంచితే ఓనరు అద్దె పెంచి గుంజుకుంటుండు, ఇంక లాభమేంది అని. పదకొండేండ్ల తర్వాత, 1980లో, కథ తిరగబడ్డది. 35 రోజుల సమ్మె, దానికి ఎదురుగా అక్టోబర్ 14న ఫోర్‌మన్లు, క్లర్కులు ఊరేగింపు తీసిన్రు, "నలభై వేలమంది ఊరేగింపు" అని పేరు పడ్డది. యూనియన్ ఓడింది. 23 వేలమందిని పని లేకుండ ఇంటికి పంపిన్రు.

ఇప్పుడు తురిన్ జనాభా ఎనిమిదిన్నర లక్షలు. మిలాన్‌తో చూస్తే గది చవక, నిజమే. చవక ఎందుకంటే పని పోయింది కాబట్టి. తమ్ముళ్ళు చెల్లెళ్ళు ఇది కూడా సోచాయించండి, అద్దె తగ్గుడు ఎప్పుడూ మంచి వార్త కాదు.

నెల్లూరు_నాగేంద్ర

కిరణ్ అన్నా, ఆ బోర్డుల సంగతి చదివి బాధేసింది. కానీ అది అరవై ఏళ్ళ కింద. ఇప్పుడు అలాంటి బోర్డు పెడితే కేసవుతుంది. అప్పటికీ ఇప్పటికీ ముడి పెట్టడం సరైనదేనా?

పాదువా_లావణ్య

నాగేంద్ర గారూ, మోన్‌ఫాల్కోనే అనే ఊరి పేరు విన్నారా? త్రియెస్తే దగ్గర, 30 వేలు దాటిన జనం, పెద్ద పెద్ద క్రూయిజ్ ఓడలు కట్టే షిప్‌యార్డ్ ఉంది. ఆ ఓడలు వెల్డింగ్ చేసేది, రంగులు వేసేది ఎక్కువగా సబ్‌కాంట్రాక్టర్ల కింద పనిచేసే బంగ్లాదేశ్ కార్మికులు. ఊళ్ళో దాదాపు మూడోవంతు విదేశీయులే. 2023లో అక్కడి మేయర్ వాళ్ళ సాంస్కృతిక కేంద్రాల్లో నమాజు ఆపించింది. పార్కుల్లో క్రికెట్ ఆడితే ఫైన్. అవును, క్రికెట్. పిల్లలు ఊరి బయటికి వెళ్ళి ఆడుకుంటున్నారు. నమాజు గొడవ పైకోర్టు దాకా వెళ్ళింది. ఆ మేయర్ 2024లో యూరోపియన్ పార్లమెంటుకి గెలిచింది.

అప్పుడు సిసిలీ వాడు, ఇప్పుడు బంగ్లాదేశ్ వాడు. చేతులు కావాలి, మనిషి వద్దు. బోర్డు లేదు కాబట్టి ముడి లేదని నేను అనుకోను.

విశాఖ_సెయిలర్

మర్చంట్ నేవీలో ఉన్నాను, నేపుల్స్, పలేర్మో రేవులు బాగా తెలుసు. ఇంతసేపూ ఒక్కరూ మాఫియా మాటెత్తలేదేంటి? దక్షిణాన చట్టం, ప్లాను అని మాట్లాడేముందు ఎవరి చేతిలో కాంట్రాక్టు ఉందో చూడాలి.

పలేర్మో తీసుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి పాత నగరం దెబ్బతింది. దాన్ని బాగుచేయకుండా చుట్టూ ఉన్న నిమ్మ, నారింజ తోటలు నరికి కాంక్రీటు పోశారు. 1950ల చివర, 60ల మొదట్లో సాల్వో లీమా మేయర్, వీతో చాంచిమీనో పనుల శాఖ చూసేవాడు. కొద్ది సంవత్సరాల్లో 4 వేలకు పైగా పర్మిట్లు ఇస్తే వాటిలో ఎక్కువ భాగం నలుగురైదుగురి పేర్ల మీద వెళ్ళాయి, వాళ్ళకి కట్టడంతో ఏ సంబంధమూ లేదు, వెనక వేరేవాళ్ళు. 1959లో విల్లా దెలియెల్లా అనే అందమైన భవనాన్ని రాత్రికి రాత్రి కూల్చేశారు, ఆ స్థలం ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఊరి గర్వం లాంటి మాసిమో థియేటర్‌ని రిపేరని 1974లో మూసి 23 ఏళ్ళు తెరవలేదు. చాంచిమీనో మాఫియా మనిషని తర్వాత కోర్టే తేల్చింది. లీమాని 1992 మార్చిలో మాఫియానే కాల్చి చంపింది, రెండు నెలలకి మాఫియా కేసులు చూసే జడ్జి ఫల్కోనేని, ఇంకో రెండు నెలలకి ఆయన తోటి జడ్జి బోర్సెల్లీనోని.

కాబట్టి తమ్ముడూ నాగేంద్రా, మార్కెట్ అంటావు నువ్వు, పాలసీ అంటారు వీళ్ళు. నేను చూసిన చోట రెండూ కావు, తుపాకీ.

రామ్మోహన్_మాస్టారు

సెయిలర్ గారూ, మీరు చెప్పిందంతా నిజం. ఒక్క ముక్క కలుపుతాను. తుపాకీ చేతిలో ఉన్నా ఆ పర్మిట్ల మీద సంతకం పెట్టింది మునిసిపాలిటీయే, ఓట్లతో గెలిచినవాళ్ళు. లీమా తర్వాత పార్లమెంటు మెంబరయ్యాడు, యూరప్ పార్లమెంటుకీ వెళ్ళాడు.

దానికి జనం ఇచ్చిన జవాబు కూడా చెప్పాలి. ఫల్కోనే హత్య తర్వాత పలేర్మో ఆడవాళ్ళు బాల్కనీల మీద దుప్పట్లు వేలాడదీశారు, వాటి మీద మాఫియాకి వ్యతిరేకంగా రాసి. ఎవరి బాల్కనీ ఎవరిదో వీధి మొత్తానికి తెలుసు, పేరు దాచుకునే అవకాశం లేదు. అది మామూలు ధైర్యం కాదు. 1993లో మాఫియాని ఎదిరించిన లియోలూకా ఓర్లాందో నేరుగా జనం ఓట్లతో మేయర్‌గా గెలిచాడు, 1997లో మాసిమో తెరుచుకుంది. 2004లో కొందరు కుర్రవాళ్ళు రాత్రిపూట ఊరంతా స్టికర్లు అంటించి, మామూళ్ళు కట్టని దుకాణాలను ఒక చోటికి చేర్చి, అక్కడే కొనండని జనానికి చెప్పడం మొదలుపెట్టారు. ఆ సంఘం పేరు అద్దియోపిత్సో, ఇప్పటికీ నడుస్తోంది.

విశాఖ_సెయిలర్

ఒప్పుకుంటాను మాస్టారూ. నేపుల్స్ గురించి కూడా ఒక మాట. అక్కడి స్కంపియా పేటలో తెరచాప ఆకారంలో ఏడు భారీ బిల్డింగులు కట్టారు, 'వేలే' అంటారు. 1962 చట్టం కింద పేదల ఇళ్ళ పథకం అది. కాగితం మీద తోటలు, బడులు, దుకాణాలు అన్నీ ఉన్నాయి. కట్టింది ఇళ్ళు మాత్రం. 1980 నవంబర్ 23 భూకంపంలో ఇల్లు పోయినవాళ్ళు వచ్చి ఖాళీగా ఉన్న ఫ్లాట్లలోకి చేరారు, వేరే దిక్కు లేక. నీళ్ళూ, లిఫ్టూ, పోలీస్ స్టేషనూ లేని చోట డ్రగ్స్ ముఠాలు దిగాయి. తర్వాత ప్రపంచమంతా ఆ బిల్డింగులని నేరాల గూడు అని చూపించింది కానీ, ఇళ్ళు మార్చమని దశాబ్దాలుగా పోరాడిన అక్కడి కమిటీ వాళ్ళ సంగతి ఎవరు చెప్పారు? వాళ్ళ పోరాటం వల్లే 1997 నుంచి ఒక్కొక్కటీ కూల్చి పక్కనే కొత్త ఇళ్ళు ఇస్తున్నారు. అదీ ఎంత నెమ్మదిగా అంటే, 2024 జులైలో మిగిలిన ఒక బిల్డింగులో నడవా కూలి ముగ్గురు చనిపోయారు. నలభై ఏళ్ళుగా పని పెండింగ్‌లో పెట్టి!

మిలాన్_మహేశ్

సివిల్ ఇంజనీర్‌ని, మిలాన్‌లో ఏడెనిమిదేళ్ళుగా ఉన్నాను. దక్షిణం అంటే మాఫియా, ఉత్తరం అంటే క్లీన్ అని ఎవరైనా అనుకుంటారేమో అని రాస్తున్నా.

1992 ఫిబ్రవరి 17న మిలాన్‌లో ఒక వృద్ధాశ్రమం అధికారి మారియో కియేజా 70 లక్షల లీరాల లంచం తీసుకుంటూ దొరికాడు. క్లీనింగ్ కాంట్రాక్టు కోసం ఇచ్చిన డబ్బు. అది లాగితే మెట్రో, ఎయిర్‌పోర్ట్, ఆసుపత్రులు అన్నీ కదిలాయి, ప్రతి కాంట్రాక్టులో పార్టీలకి వాటా. రెండేళ్ళలో అప్పటిదాకా దేశాన్ని ఏలిన పార్టీలే కనుమరుగయ్యాయి. మాజీ ప్రధాని క్రాక్సీ ట్యునీషియా వెళ్ళిపోయి అక్కడే పోయాడు.

ఇప్పుడు లంచం కవర్లలో తిరగాల్సిన అవసరం తక్కువ, ఎందుకంటే లాభం అంతకన్నా పెద్దది. 2015లో ఇక్కడ జరిగిన ఎక్స్‌పో అనే ప్రపంచ ప్రదర్శన తర్వాత ప్రపంచం డబ్బంతా ఇక్కడి భూమి మీద పడింది. నా ఫీల్డ్ కాబట్టి ఒక విషయం వివరంగా చెప్తాను. కొత్త టవర్ కట్టాలంటే నగరానికి వివరమైన ప్లాను ఇవ్వాలి, పార్కు, బడి, పార్కింగ్ లాంటి వాటికి స్థలమో డబ్బో ఇవ్వాలి. పాత కట్టడాన్ని "పునరుద్ధరణ" చేస్తున్నాం అంటే ఆ భారం చాలా తగ్గుతుంది. పెరట్లో రెండు మూడు అంతస్తుల వర్క్‌షాప్‌ని కూల్చి దాని చోట టవర్ లేపి దానికీ పునరుద్ధరణ అనే పేరు పెట్టారు అనేది ప్రాసిక్యూటర్ల ఆరోపణ. పక్క బిల్డింగ్‌లో ఉన్నవాళ్ళు పొద్దున లేచేసరికి కిటికీ ముందు వెలుతురు పోయిందని ఫిర్యాదు చేస్తే ఇది బయటికొచ్చింది. ఈ పద్ధతికి చట్టబద్ధత ఇచ్చే బిల్లు 2024 నవంబర్‌లో పార్లమెంటు దిగువ సభలో పాసై ఎగువ సభలో ఆగిపోయింది. 2025 జులైలో పట్టణ ప్రణాళిక చూసే నగర మంత్రి రాజీనామా చేశాడు. కేసులు నడుస్తున్నాయి, తప్పెవరిదో కోర్టు చెప్పాలి. కానీ ఆ టవర్లలో స్టూడెంట్ ఉండగలిగే గది ఉందా అనేదానికి కోర్టు అక్కర్లేదు. లేదు.

2023 మేలో ఒక అమ్మాయి అద్దె భరించలేక పాలిటెక్నిక్ యూనివర్సిటీ ముందు టెంట్ వేసుకుని పడుకుంది. వారం తిరక్కుండా రోమ్, ఫ్లోరెన్స్, బొలోన్యా, పాదువాల్లో కూడా టెంట్లు లేచాయి. మన తెలుగు పిల్లలు కొందరు మద్దతుగా వెళ్ళారు, ఇంకొందరు వీసా టెన్షన్‌తో దూరం నుంచి చూశారు. వాళ్ళని తప్పుపట్టలేను.

నెల్లూరు_నాగేంద్ర

సరే, ఇన్ని ఊళ్ళు చూపించాక ఇది మార్కెట్ ఒక్కటే కాదని ఒప్పుకోక తప్పదు. ఇప్పుడు నా ప్రశ్న వేరు. ప్రభుత్వం తప్పులు చెప్పారు, ఎక్కడైనా ఎప్పుడైనా సరిగ్గా చేసిందా? చేస్తే డబ్బు ఎవరిచ్చారు? లేదంటే ఇదంతా తిట్టుకోవడమే అవుతుంది.

సిరి_బొలోన్యా

మంచి ప్రశ్న. మా ఊరి సంగతి నేనే చెప్తాను, ఇక్కడి లైబ్రరీలో ఈ మధ్యే చదివాను. 1970ల్లో బొలోన్యా కమ్యూనిస్టుల చేతిలో ఉంది, జాంగేరి మేయర్. పాత నగరంలో పేదలుండే వీధులు శిథిలమవుతున్నాయి. వాస్తుశిల్పి చెర్వెల్లాతీ, ఆయన బృందం 1973లో ఒక ప్లాను తెచ్చారు. అందరూ పేదల ఇళ్ళు ఊరి బయట కడుతుంటే, వీళ్ళు ఆ డబ్బుని నడి ఊళ్ళో పాత ఇళ్ళ మరమ్మతుకి పెట్టారు. మరమ్మతు జరిగినన్నాళ్ళు ఆ కుటుంబాలని దగ్గర్లోనే తాత్కాలిక ఇళ్ళలో ఉంచి, పూర్తయ్యాక వాళ్ళ వీధికే తీసుకొచ్చారు, అద్దె వాళ్ళు కట్టగలిగేంతే. గోడలతో పాటు మనుషుల్ని కూడా కాపాడాలి అనేది వాళ్ళ ఆలోచన. పూర్తిగా అనుకున్నట్టు జరగలేదు. ఓనర్ల నుంచి ఇళ్ళు స్వాధీనం చేసుకుంటామంటే పెద్ద గొడవైంది, చివరికి వాళ్ళతో ఒప్పందాలకి దిగారు. అయినా యూరప్ మొత్తం వచ్చి చూసి వెళ్ళింది.

ఇప్పుడు అదే వీధుల్లో ద్వారాల పక్కన తాళాల డబ్బాలు వేలాడుతున్నాయి, టూరిస్టులు నంబర్ నొక్కి లోపలికి వెళ్తారు. ఫ్లోరెన్స్ 2025లో వాటిని నిషేధించింది.

రామ్మోహన్_మాస్టారు

డబ్బు ఎవరిచ్చారన్న దానికి నేను చెప్తాను. 1949లో కార్మిక మంత్రి ఫన్‌ఫానీ 'ఇనా-కాజా' అనే పథకం తెచ్చాడు. ఉద్యోగుల జీతంలోంచి కొంచెం, యజమానుల దగ్గర్నుంచి ఇంకొంత, మిగతాది ప్రభుత్వం. 14 ఏళ్ళలో మూడున్నర లక్షల ఇళ్ళు లేచాయి, దేశంలో మంచి మంచి వాస్తుశిల్పులు గీసినవి. నిరుద్యోగులకి పనీ దొరికింది, కార్మికులకి ఇల్లూ దొరికింది. ఫన్‌ఫానీ కమ్యూనిస్టు కాదు, క్రిస్టియన్ డెమోక్రాట్. ఇష్టముంటే ఏ పార్టీ అయినా చేయగలదు.

తర్వాత అది చాలలేదు. 1969 నవంబర్ 19న ఇళ్ళ కోసం దేశమంతా సమ్మె చేసింది. జీతాల కోసం కాదు, ఇళ్ళ కోసం! రెండేళ్ళకి 1971 చట్టం వచ్చింది, సిరి చెప్పిన బొలోన్యా ప్లానుకి బలం ఆ చట్టమే. 1978లో అద్దెలకి పరిమితి పెట్టారు, 1998లో అదీ ఎత్తేశారు. జీతాల్లోంచి ఇళ్ళకి తీసే ఆ కోత కూడా అదే 1998లో ఆగిపోయింది. అంటే నాగేంద్ర గారూ, యాప్‌లు రాకముందే, అద్దెకుండేవాడికి ఉన్న రెండు ఆసరాలూ ఒకే ఏడాది పోయాయి. సిరి అడిగిన ప్రశ్నకి నా జవాబు ఆ సంవత్సరమే.

ఫణి_రోమా

ఆలస్యంగా చూశాను. రోమ్ నుంచి ఒక్క సంఘటన. స్టేషన్‌కి కాస్త దూరంలో ఖాళీగా ఉన్న ఒక ప్రభుత్వ ఆఫీసు భవనాన్ని 2013లో ఇల్లు లేనివాళ్ళు ఆక్రమించుకున్నారు. 400 మందికి పైగా, పిల్లలు చాలామంది, ఇటాలియన్లూ విదేశీయులూ. 2019 మేలో 3 లక్షల యూరోల బాకీ ఉందని కరెంటు కట్ చేశారు. కొన్ని రోజులు చీకట్లో ఉన్నాక పోప్ తరఫున దానధర్మాలు చూసే కార్డినల్ క్రయెవ్‌స్కీ రాత్రిపూట వచ్చి, సీల్ తెంపి, కరెంటు తనే మళ్ళీ కలిపాడు. బాధ్యత నాదే అని బహిరంగంగా చెప్పాడు. హోం మంత్రి సాల్వీనీ అయితే బిల్లు ఆయనే కట్టాలన్నాడు.

2014 చట్టం ప్రకారం అలా ఆక్రమించిన ఇంట్లో ఉండేవాళ్ళు నివాసిగా పేరు నమోదు చేసుకోలేరు. పేరు లేకపోతే డాక్టర్, బడి, అన్నీ కష్టం. మాస్టారు చెప్పిన 1939 చట్టం చదవగానే నాకు ఇదే గుర్తొచ్చింది.

తురిన్_కిరణ్

ఫణీ, మస్తు మంచి సంగతి చెప్పినవ్. మన పిల్లలకు కూడా ఇదే తిప్పలు. కాంట్రాక్టు రిజిస్టర్ చేయనంటడు ఓనరు. రిజిస్టర్ కాకుంటే బయటి ఊరి స్టూడెంట్ కింద స్కాలర్‌షిప్ పూర్తిగా రాదు. భయపడి చాలామంది నోరు మూసుకుని నగదు ఇస్తున్నరు.

సిరి_బొలోన్యా

కిరణ్ అన్నా, అందుకే ఈ త్రెడ్ మొదలుపెట్టాను. మహేశ్ గారూ, ఓనర్ రిజిస్ట్రేషన్‌కి ఒప్పుకోకపోతే చట్టం ఏమంటుందో ఒకసారి రాయగలరా? క్రితం వారం ముగ్గురు జూనియర్లు ఇదే అడిగారు.

మిలాన్_మహేశ్

లాయర్‌ని కాదు కానీ ఇంతవరకు ఖాయంగా చెప్పగలను. 1998 చట్టం పరిమితి ఎత్తేసినా ఒకటి మిగిల్చింది. కాంట్రాక్టు రాతలో ఉండాలి, 30 రోజుల్లో రిజిస్టర్ చేయించాలి, ఆ బాధ్యత ఓనర్‌ది. స్టూడెంట్లకి 6 నెలల నుంచి 3 ఏళ్ళ దాకా ప్రత్యేక కాంట్రాక్టు ఉంది, దాంట్లో అద్దె ఇష్టమొచ్చినంత రాయడానికి లేదు, ఆ ఊళ్ళో ఓనర్ల సంఘం, అద్దెదారుల సంఘం కలిసి కుదుర్చుకున్న పట్టిక లోపలే ఉండాలి. డిపాజిట్ మూడు నెలల అద్దె దాటకూడదు. సంతకం పెట్టకముందు ఆ పట్టిక అడిగి చూసుకోండి.

ప్రతి పెద్ద ఊళ్ళో సునియా అని అద్దెదారుల సంఘం ఆఫీసు ఉంది, 1972 నుంచి ఉంది. సభ్యత్వం తీసుకుంటే కాంట్రాక్టు చదివి పెడతారు, ఓనర్‌కి ఉత్తరం రాస్తారు. ఒంటరిగా వెళ్ళకండి, అదే ఓనర్ కింద ఉన్నవాళ్ళందరూ, ఇటాలియన్ పిల్లల్ని కూడా కలుపుకుని వెళ్ళండి. సిరీ, ఆ ముగ్గురినీ నాకు మెసేజ్ చేయమనండి, బొలోన్యా పట్టిక ఎక్కడ దొరుకుతుందో చూసి పెడతాను.